యూజర్ లాగాన్ పేరు మార్చాక హోమ్ డ్రైవ్ రావడం లేదు

ప్రశ్న:
యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు యూజర్ అకౌంట్లన్నీ ఒకేచోట నిర్వహించే విండోస్ వ్యవస్థ) ఒకామె లాగాన్ పేరు మార్చి, ఫైల్ సర్వర్‌లో ఆమె హోమ్ ఫోల్డర్‌కి కూడా కొత్త పేరే పెట్టాను. లాగిన్ అవుతోంది గానీ ఆ ఫోల్డర్‌ని చూపించే హెచ్ డ్రైవ్ రావడం లేదు. పర్మిషన్లు పోయాయేమోనని ఆమె అకౌంట్‌ను ఫోల్డర్‌కి మళ్లీ యాడ్ చేశాను, అయినా అంతే. అకౌంట్ డిలీట్ చేసి కొత్తది చేయమంటారా?

జవాబు 1:
డిలీట్ మాత్రం చేయకండి! ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పర్మిషన్లు ఉండేది పేరు మీద కాదు, సిడ్ (ప్రతి అకౌంట్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) మీద. పేరు మారినా సిడ్ మారదు. కొత్త అకౌంట్ చేస్తే మాత్రం సిడ్ కొత్తది వస్తుంది, అప్పుడు పర్మిషన్లు నిజంగానే పోతాయి.

యూజర్ ప్రాపర్టీస్‌లో ప్రొఫైల్ ట్యాబ్ తెరవండి. హోమ్ ఫోల్డర్ పాత్‌లో పాత పేరే ఉండి ఉంటుంది. మొదట్లో అక్కడ యూజర్‌నేమ్ వేరియబుల్ (పేరు బదులు రాసే %username%) ఇచ్చినా, అప్లై కొట్టగానే అప్పటి పేరు పడి అలాగే ఉండిపోతుంది. దాన్ని మీరే మార్చాలి. మార్చేటప్పుడు స్పెల్లింగ్ సర్వర్‌లో ఉన్నదానితో సరిచూసుకోండి: ఒక్క అక్షరం తప్పినా ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ తయారవుతుంది, ఆమె ఫైళ్లన్నీ పోయాయని కంగారుపడుతుంది. తర్వాత పూర్తిగా సైన్ అవుట్ చేయించండి. స్క్రీన్ లాక్ చేసి తెరిస్తే సరిపోదు.

జవాబు 2:
పై జవాబు సరైనదే. ఇంకో చోటు కూడా చూడండి. ఆ పీసీలో ఆఫ్‌లైన్ ఫైల్స్ (సర్వర్ ఫైళ్ల కాపీని పీసీలోని క్యాష్‌లో ఉంచే సదుపాయం) ఆన్‌లో ఉందా? ఉంటే సింక్ కాని మార్పులు పాత పాత్ కింద క్యాష్‌లోనే చిక్కుకుని ఉంటాయి. క్యాష్ క్లియర్ చేయకముందే సింక్ సెంటర్‌లో చూసి వాటిని బయటికి కాపీ చేయండి. అసలు ఫోల్డర్ పేరు మార్చకముందే సింక్ చేయించి ఉండాల్సింది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పేరుతో సేవ్ అయిన పాస్‌వర్డ్ ఉంటే అదీ తీసేయండి.

ప్రశ్న అడిగినవారు:
పాత్ మార్చాక హెచ్ డ్రైవ్ వచ్చిందండీ, ఫైళ్లన్నీ ఉన్నాయి. కానీ సర్వర్‌లో సెక్యూరిటీ ట్యాబ్ ఇంకా పాత పేరే చూపిస్తోంది. పీసీలో సి డ్రైవ్ యూజర్స్ కింద కూడా పాత పేరే.

జవాబు 1:
సెక్యూరిటీ ట్యాబ్‌లోది ఆ సర్వర్ ఎల్‌ఎస్‌ఏ (లాగాన్, సెక్యూరిటీ చూసుకునే విండోస్ భాగం) క్యాష్‌లో మిగిలిన పేరు. సిడ్ అదే కాబట్టి యాక్సెస్‌కి ఢోకా లేదు, సర్వర్ రీస్టార్ట్ అయ్యాక కొత్త పేరు కనిపిస్తుంది. పీసీలోని లోకల్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను ముట్టుకోకండి. దాని పాత్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోటు) సిడ్ కింద నమోదై ఉంటుంది. ఫోల్డర్ పేరు ఒక్కటే మారిస్తే ఆమెకు టెంపరరీ ప్రొఫైల్‌తో (తన సెట్టింగులు, ఫైళ్లు కనిపించని తాత్కాలిక ప్రొఫైల్) లాగిన్ అయ్యే ప్రమాదం ఉంది.