బోర్డు మీద పోస్టులు పీకేసే హక్కు యూనివర్సిటీకి ఉందా?

బీచ్‌రోడ్డు_బుల్లోడు:
వైజాగ్‌లోనే, పేరు వద్దులెండి, మా యూనివర్సిటీకి విద్యార్థుల కోసం ఓ ఆన్‌లైన్ బోర్డుంది. పేరు చెప్పకుండా రాయొచ్చు. మెస్ సాంబారులో బొద్దింక వచ్చిందని ఎవరో ఫొటోతో సహా పెట్టారు. గంట తిరక్కుండా పోస్టు మాయం. మర్నాడే సర్క్యులర్: ఇకమీదట కమిటీ చూశాకే ఏ పోస్టయినా బోర్డెక్కుతుంది, రోల్ నంబరు తప్పనిసరి. ఇది సెన్సారు కాకపోతే ఏటండీ? 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షను కొట్టేసింది కదా, వీళ్లకెక్కడిది అధికారం?

పాత_వాల్తేరు:
బాబూ, 66ఏ అనేది రాసినవాణ్ని జైల్లో వేసే సెక్షను. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ పోస్టుకి ఇద్దరాడపిల్లల్ని పట్టుకెళ్లారు చూడు, అదీ దాని సంగతి. నిన్నెవరైనా పట్టుకెళ్లారా? బోర్డు వాళ్లది, సర్వరు వాళ్లది. మా ప్రహరీ మీద ఎవడో బూతులు రాస్తే సున్నం కొట్టడానికి నాకు సుప్రీంకోర్టు పర్మిషను కావాలా?

గాజువాక_గిరి:
అది బొద్దింక కాదు. ఫొటో నేనూ చూశాను. ఎండుమిర్చి తొడిమ.

బీచ్‌రోడ్డు_బుల్లోడు:
ప్రహరీ మీ సొంత డబ్బుతో కట్టుకున్నారు సార్. ఈ సర్వరు మా ఫీజులతో నడుస్తోంది.

సిరిపురం_శైలు:
వాల్తేరు గారూ, "సర్వరు మాది" అన్న మాట చాలా పాతది. 1994 నవంబరులో అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇదే గొడవ. అప్పట్లో యూజ్‌నెట్ అని చర్చా గుంపులుండేవి. వాటిలో అశ్లీలమైనవి తెలిసీ ఉంచితే పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టం కింద తామే దొరుకుతామని యాజమాన్యం భయపడింది. ఆ భయంలో బొమ్మల గుంపులతోపాటు ఉత్త రాతల గుంపుల్ని కూడా ఆపేయాల్సిన జాబితాలోకి ఎక్కించేసింది. విద్యార్థులు రోడ్డెక్కాక రాతలవి వదిలేసి బొమ్మలవి మాత్రం ఆపారు. అంతకుముందు 1989లో అక్కడి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఓ జోకుల గుంపుని ఆపితే, లైబ్రరీలోంచి పుస్తకం తీసేయడంతో సమానమని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ లాంటి ప్రొఫెసర్లు అడ్డం తిరిగారు. గుంపు తిరిగొచ్చింది. భయపడ్డ ఆఫీసు అవసరానికి మించి కోస్తుంది, అదీ నా పాయింటు.

పాత_వాల్తేరు:
అమ్మా, ఆ గుంపుల్లో రాసేవాడు ఏ దేశంలో ఉంటాడో ఎవడికీ తెలీదు. ఇక్కడ రాసేవాడు పక్క బెంచీలో కూర్చుని, రాసి, ఏమీ ఎరగనట్టు మొహం చూస్తాడు. రెంటికీ పోలికేటి? తెలిసీ ఉంచితే రేపు కేసు సంస్థ మెడకే చుట్టుకుంటుంది.

సిరిపురం_శైలు:
చుట్టుకోదండీ. అదే 2015 తీర్పు ఆ ఐటీ చట్టంలోని 79వ సెక్షను గురించి కూడా చెప్పింది. ఇతరులు రాసినదానికి వేదిక నడిపేవాళ్ల రక్షణ పోవాలంటే కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటీసో వచ్చినా తీయకుండా కూర్చోవాలి. సాంబారు మీద ఏ కోర్టు ఉత్తర్విచ్చింది?

గాజువాక_గిరి:
బొద్దింకకి మీసాలుంటాయి. ఆ ఫొటోలో మీసాలేవీ? ముందు అది తేల్చండి.

మద్దిలపాలెం_మాస్టారు:
అందరూ రోల్ నంబరేసి రాస్తే గొడవే ఉండదు కదా.

బీచ్‌రోడ్డు_బుల్లోడు:
మాస్టారూ, ఇంటర్నల్ మార్కులు మీరేస్తారా? ఫస్టియర్లో ల్యాబులో సగం మిషన్లు పనిచెయ్యట్లేదని నా పేరు పెట్టుకునే రాశాను. వైవాలో మొదటి ప్రశ్న: "నువ్వేనా ఆ రచయితవి?" ఆ పేపరు తన్నేసింది. మీ రోల్ నంబరు సిద్ధాంతానికి నేనే సాక్షిని.

పాత_వాల్తేరు:
చదవక తప్పి పోస్టు మీదకి తోసెయ్యకు. ముప్పయ్యేళ్లు ఉద్యోగం చేసినవాణ్ని, ఇలాంటి సాకులు ఎన్ని విన్నానో.

బీచ్‌రోడ్డు_బుల్లోడు:
ఇదిగో, ఇందుకే పేరు లేకుండా రాసేది! మాట మొదలెట్టకముందే అబద్ధాలకోరు అని ముద్ర. మీ పిల్లలు అక్కడ చదివుంటే తెలిసేది సార్.

జగదాంబ_జనార్దన్:
అన్నా, పెద్దాయన. కాస్త నెమ్మది.

పాత_వాల్తేరు:
చదివింది. అక్కడే. ఆ బోర్డు మీదే మా అమ్మాయి పేరు పెట్టి, ఎవడితో కైలాసగిరి ఎక్కిందో, ఎవడితో రుషికొండలో కనబడిందో అల్లి రాశారు. కింద వరసగా నవ్వుల బొమ్మలు. పిల్ల క్లాసుకెళ్లడం మానేసింది. వాళ్లమ్మ బంధువుల ఫోన్లు ఎత్తడం మానేసింది. నీకు ల్యాబు మిషన్లు గుర్తున్నాయి. నాకిది గుర్తుంది.

సిరిపురం_శైలు:
అయ్యో. ఫిర్యాదు చేశారా అండీ? 2021 ఐటీ నియమాల ప్రకారం మార్ఫింగ్ ఫొటోల్లాంటివైతే గంటల వ్యవధిలోనే తీయించే వీలుంది.

పాత_వాల్తేరు:
ఫొటో లేదమ్మా, ఉత్త మాటలు. ఆ నియమం మాకు పనికిరాలేదు. ఆఫీసుకెళ్తే "కమిటీలో పెడతాం" అన్నారు. వారాల తరబడి అలాగే ఉంది.

సిరిపురం_శైలు:
మరి చూడండి. మీ అమ్మాయి మీద రాత వారాలుంది, సాంబారు పోస్టు గంటలో పోయింది. ఆఫీసు ఒకటే, నొక్కాల్సిన మీటా ఒకటే. వాళ్లకి కావాల్సినప్పుడు చెయ్యి ఎంత చురుగ్గా కదిలిందో! పెత్తనమంతా మళ్లీ ఆ కమిటీకే అప్పజెప్పమంటున్నారా?

పాత_వాల్తేరు:
మరెవరికి? విద్యార్థి సంఘానికా? ఆ నవ్వుల బొమ్మలు పెట్టింది వాళ్లే. ఆఫీసు పనికిమాలినదే, ఒప్పుకుంటాను. కానీ దానికో తలుపుంది, కాగితం ఇస్తే ముద్ర వేసి తీసుకుంటారు, రేపు కోర్టులో చూపించొచ్చు. పేరులేని గుంటడి తలుపు ఎక్కడుందని కొట్టను? రాసినవాడెవడో ఆఫీసుకైనా తెలిసుండాలి. నేనడిగేది అంతే. ముందే చూసి వడపొయ్యమని నేననలేదు.

జగదాంబ_జనార్దన్:
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఎందుకు సార్.

సిరిపురం_శైలు:
మనిషి పేరున్న పోస్టు మీద ఫిర్యాదొస్తే వెంటనే దాచేసి, ఎవరు, ఎందుకు దాచారో బోర్డు మీదే రాయాలి. మిగతావి ముట్టుకోకూడదు. దీనికి ఇద్దరూ ఒప్పుకుంటారా?

బీచ్‌రోడ్డు_బుల్లోడు:
నేను ఒప్పుకుంటాను. అమ్మాయి సంగతి విని బాధేసింది సార్, కానీ ఆఫీసుకి పేరు తెలిసే పద్ధతయితే నేను రాయను. మీరు తలుపు కొడితే కుర్చీ వేస్తారు. నేను కొడితే రోల్ నంబరడుగుతారు.

పాత_వాల్తేరు:
పేరు తెలియకపోతే నేను ఒప్పుకోను.

మద్దిలపాలెం_మాస్టారు:
ఆ సర్క్యులర్ కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. కింద సంతకం ఎవరిదో చూద్దాం.