మాడ్యులేషన్ ఉన్న డిలే పెడల్ కొంటే కోరస్ పెడల్ అక్కర్లేదా?

మూడోతీగ:
అందరికీ నమస్తే. గుంటూరులో చర్చిలో గిటార్ వాయిస్తాను, ఆదివారం రెండు ఆరాధనలు, మధ్యలో యూత్ మీటింగులు. నా పెడల్‌బోర్డు (గిటార్ శబ్దాన్ని మార్చే పెట్టెలు, అంటే పెడల్స్, పెట్టుకునే పలక) చిన్నది, ట్యూనర్, ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా చేసేది) పోగా ఇంకొక్క పెడల్‌కే చోటుంది, డబ్బులు కూడా ఒక్కదానికే ఉన్నాయి. డిలే (మీటింది కాసేపాగి ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించేది) లేకపోతే నాకు గడవదు, కానీ నెమ్మది పాటల్లో తీగలు విడివిడిగా మీటేటప్పుడు కోరస్ (రెండు గిటార్లు కలిసి మోగినట్టు చేసేది) కూడా కావాలి. మాడ్యులేషన్ (శ్రుతిని మెల్లగా ఊపడం) ఉన్న డిలే కొంటే రెండు పనులూ అయిపోతాయని షాపులో అబ్బాయి అన్నాడు, మా బ్యాండ్‌లో కీబోర్డ్ అన్న కూడా అదే మాట. ఎంఎక్స్ఆర్ కార్బన్ కాపీ, ఎలక్ట్రో హార్మోనిక్స్ నానో డీలక్స్ మెమరీ మ్యాన్, బాస్ డీడీ-8, ఈ మూడు అనుకున్నాను. ఏది తీసుకోమంటారు?

హమ్‌బకర్_బాబాయ్:
మెమరీ మ్యాన్, ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ. డిలేలో కోరస్ అనే మాట జనానికి అలవాటు చేసిందే అది. పాత పెద్ద పెట్టె మీద కోరస్, వైబ్రాటో అని స్విచ్చే ఉండేది. యూ2 బ్యాండ్ తొలి రోజుల్లో దాని గిటారిస్ట్ ఎడ్జ్ వాయించింది దానితోనే, మీ ఆరాధన పాటల్లో ఇప్పుడు వినిపించే డిలే అంతా ఆ ఇంటి బిడ్డే. నానోలో అయితే రేట్, డెప్త్ నాబ్‌లు విడిగా ఇచ్చారు, 9 వోల్టులతో నడుస్తుంది, కళ్లు మూసుకుని కొనెయ్.

సోల్డర్‌పొగ:
కళ్లు మూసుకుని కొనకు తమ్ముడూ, ముందు చెవులు తెరువు. బాబాయ్ గారు చెప్పిన ఆ స్విచ్ మార్చేది ఊగే వేగాన్ని మాత్రమే. కోరస్ వైపు నెమ్మదిగా, వైబ్రాటో వైపు వేగంగా, అంతే. కోరస్ అని పేరు రాసినంత మాత్రాన లోపల కోరస్ పెడల్ కూర్చోలేదు.

అసలు గొడవ ఎక్కడంటే, డిలేలో మాడ్యులేషన్ పడేది రిపీట్ల మీద, అంటే ప్రతిధ్వనుల మీద. నువ్వు మీటిన స్వరం ఉన్నది ఉన్నట్టే బయటికి వస్తుంది, 375 మిల్లీసెకన్ల తర్వాత వచ్చే ప్రతిధ్వని మాత్రమే ఊగుతుంది. కోరస్ అలా కాదు. ఊగే కాపీ అసలు స్వరానికి పది, ఇరవై మిల్లీసెకన్ల వెనకే వచ్చి కలిసిపోవాలి, అప్పుడే చెవికి రెండు గిటార్లు కలిసి వాయించినట్టు ఒకే మందమైన శబ్దంగా అందుతుంది. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 యాంప్‌లో ఒక స్పీకర్‌లో మామూలు శబ్దం, రెండో దాంట్లో ఊగే శబ్దం వచ్చేవి, ఆ రెండూ గాలిలో కలిసేవి. మరుసటి ఏడు అదే సర్క్యూట్ సీఈ-1 పెడల్‌గా బయటికొచ్చింది. వెనకెక్కడో ఊగే రిపీట్ ఆ పని చేయదు.

క్లీన్‌టోన్:
అయితే టైమ్ నాబ్ కిందకి తిప్పేస్తే సరిపోదా? ఫీడ్‌బ్యాక్ (రిపీట్లు ఎన్నిసార్లు రావాలో చెప్పేది) సున్నా, మిక్స్ (రిపీట్లు ఎంత గట్టిగా కలవాలో చెప్పేది) సగం, టైమ్ అడుగుకి, మాడ్ ఆన్. నేను డిజిటల్ డిలేలో అలానే చేస్తాను, బాగానే వస్తుంది.

సోల్డర్‌పొగ:
డిజిటల్‌లో వస్తుంది, కాదనను. కార్బన్ కాపీ, మెమరీ మ్యాన్ లాంటి అనలాగ్‌లో రెండు అడ్డంకులున్నాయి. బావి దగ్గర వరుసగా నిలబడి బిందె చేతులు మార్చినట్టు, అనలాగ్ డిలే చిప్‌లో శబ్దం ఒక గది నుంచి ఇంకో గదికి జరుగుతూ పోతుంది. పాత మెమరీ మ్యాన్‌లో వాడిన ఎంఎన్3005 చిప్‌కి 4096 గదులు. డేటాషీట్ ప్రకారం ఎంత వేగంగా జరిపినా ఆ చిప్ ఒక్కటీ దాటడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది, అలాంటివి రెండు వరుసగా పెట్టారు కాబట్టి 40. బాస్ సీఈ-2 కోరస్‌లో ఉన్న ఎంఎన్3007కి గదులు 1024, అది 5 మిల్లీసెకన్ల దాకా దిగుతుంది. ఎక్కువ డిలే కోసం కట్టిన గోదాము అది, చిన్న గది కాలేదు.

రెండోది ఎవరూ చెప్పరు. అనలాగ్ పెడల్‌లో మాడ్యులేషన్ ఊపేది ఆ జరిపే వేగాన్ని, అంటే డిలే టైమ్‌లో ఇంత శాతం అన్నట్టు ఊగుతుంది. ఉదాహరణకి 2 శాతం అనుకో, 500 మిల్లీసెకన్ల దగ్గర అది 10 మిల్లీసెకన్లు, శ్రుతి తూలుతున్నట్టు స్పష్టంగా వినిపిస్తుంది. అదే నాబ్ ముట్టుకోకుండా టైమ్ 40కి దించితే ఊగేది 0.8 మిల్లీసెకన్లు. కోరస్ కోసం టైమ్ దించావు, కోరసే పోయింది! కార్బన్ కాపీలో మాడ్ బటన్ నొక్కి "ఏమీ రావట్లేదే" అని మొత్తుకునే వాళ్లలో సగం మంది సమస్య ఇదే అనుకుంటాను. దానికి తోడు వేగం, వెడల్పు మార్చే చిన్న ట్రిమ్ పాట్లు పెట్టె లోపల ఉన్నాయి, వెనక రేకు విప్పి స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి, ఆరాధన మధ్యలో ఎవడు విప్పుతాడు.

హమ్‌బకర్_బాబాయ్:
ఇదంతా ఇంజనీరింగ్ పరీక్షకి బాగుంటుంది. నేను కార్బన్ కాపీతో హైదరాబాద్ కెఫేల్లో చాలా ఏళ్లుగా వాయిస్తున్నాను, ట్రిమ్ పాట్లు ఒకసారి విప్పి పెంచుకున్నాను, మళ్లీ ముట్టుకోలేదు. డిలే 300 దగ్గర, మిక్స్ సగానికి కాస్త పైన పెట్టి నెమ్మదిగా మీటితే, రిపీట్లు ఒకదాని మీద ఒకటి పడి వెనక తెర కట్టినట్టు ఉంటుంది. వినేవాడు కోరస్ అనే అంటాడు. కుర్చీలో కాఫీ తాగేవాడికి నీ ఎంఎన్3007తో పనేంటి?

డ్రాప్‌డి_డాలస్:
బాబాయ్ పాయింట్ ఒప్పుకుంటాను, కానీ సగమే. తీగలు విడిగా మీటినప్పుడు మధ్య ఖాళీల్లో రిపీట్లు నిండుతాయి కాబట్టి మోసం జరిగిపోతుంది. గట్టిగా స్ట్రమ్ చేసి చటుక్కున ఆపాల్సిన చోట ఈ పద్ధతి దొరికిపోతుంది, కోరస్ ఆగదు, వెనక ఊగుతూనే ఉంటుంది. ఇక్కడ మా తెలుగు చర్చిలో ఒక పాటలో డ్రమ్స్ ఆగిన చోట నా డిలే ఒక్కటే మోగుతూ ఉండిపోయింది, అందరూ వెనక్కి తిరిగి చూశారు.

మూడోతీగకి ఒక ప్రశ్న: నీకు కోరస్, డిలే ఒకే పాటలో ఒకేసారి కావాలా, లేక ఒక పాటకి ఇది, ఇంకో పాటకి అదా? జవాబు చెప్పకుండా పెడల్ పేర్లు అడిగితే లాభం లేదు.

మూడోతీగ:
మంచి ప్రశ్నే. నిజం చెప్పాలంటే ఆలోచించలేదు. డీడీ-8 గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి?

క్లీన్‌టోన్:
ఒక ఏడాది నా దగ్గర ఉంది, మొన్నే అమ్మాను. డిలేగా వంక పెట్టడానికి లేదు, స్టీరియో, 10 సెకన్ల దాకా టైమ్, లూపర్ (వాయించింది రికార్డ్ చేసి తిప్పి తిప్పి వినిపించేది). మాడ్ మోడ్ అందంగా ఉంటుంది, కాస్త తీపి ఎక్కువ. కానీ పైన నాబ్‌లు నాలుగే: ఎఫెక్ట్ లెవెల్, ఫీడ్‌బ్యాక్, టైమ్, మోడ్. ఎంత వేగంగా ఊగాలి, ఎంత లోతుగా ఊగాలి అన్నది నాబ్ మీద నీ చేతిలో ఉండదు, వాళ్లు పెట్టిందే. కోరస్ కోసమే కొంటే ఇది చిన్న విషయం కాదు. ఇంకో మాట, డీడీ-3 సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, 12.5 మిల్లీసెకన్ల దాకా దిగుతుంది కదా అని ఆశపడకు, అందులో మాడ్యులేషన్ అసలు లేదు. దించితే డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది.

టీసీ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌బ్యాక్ కూడా చూడు. టోన్‌ప్రింట్ (పెడల్‌లోకి ఎక్కించే సెట్టింగు) ఎడిటర్‌లో మాడ్యులేషన్ వేగం, లోతు మనకి కావాల్సినట్టు దిద్దుకోవచ్చు. రెడీమేడ్ టోన్‌ప్రింట్లయితే ఫోన్‌ని గిటార్ పికప్ దగ్గర పెడితే శబ్దం రూపంలో ఎక్కుతాయి, మొదటిసారి చూసినప్పుడు చేతబడిలా అనిపించింది.

నాలుగువేళ్లు:
అందరూ అనలాగ్, డిజిటల్ అంటూ కొట్టుకుంటున్నారు, పాపం ఆ అబ్బాయికి చోటు ఒక్కదానికే ఉంది. జూమ్ ఎంఎస్-70సీడీఆర్ అని ఒక చిన్న పెట్టె ఉంది, సీడీఆర్ అంటేనే కోరస్, డిలే, రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసేది). మొదట వచ్చినప్పుడే 86 ఎఫెక్టులు, ఒకేసారి ఆరు వరుసగా పెట్టుకోవచ్చు. కోరస్ ముందు, డిలే వెనక, కావాలంటే చివర్లో రివర్బ్. సమస్య తీరింది, చర్చ ముగిసింది.

హమ్‌బకర్_బాబాయ్:
చర్చ ముగియలేదు. వేదిక మీద వంగి ఆ బుల్లి తెరలో అక్షరాలు వెతుక్కోవడం నా వల్ల కాదు, కళ్లజోడు వేరే తెచ్చుకోవాలి.

నాలుగువేళ్లు:
ఇంట్లోనే ప్యాచ్‌లు (పాటకి తగ్గ సెట్టింగులు) సెట్ చేసుకుని వెళ్లాలి బాబాయ్. అలవాటు కావాలి, అది నిజమే. ఫుట్‌స్విచ్ ఒక్కటే ఉండటం కూడా ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ మాడ్యులేషన్ డిలే అనే సర్దుబాటు కన్నా నయం.

మూడోతీగ:
అప్‌డేట్ ఇస్తున్నాను. విజయవాడలో ఒక స్నేహితుడి దగ్గర నానో మెమరీ మ్యాన్ ఉంటే శనివారం వెళ్లి రెండు గంటలు వాయించి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను. టైమ్ అడుగుకి దించి, డెప్త్ బాగా పెంచితే కోరస్ లాంటిది వచ్చింది, సోల్డర్‌పొగ అన్న భయపెట్టినంత పల్చగా లేదు, అలాగని కోరస్ పెడల్ అంత మందంగానూ లేదు. నిమిషానికి 120 బీట్ల పాటకి డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు) అంటే 375 మిల్లీసెకన్ల దగ్గర మాడ్ పెట్టినప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చింది, బాబాయ్ చెప్పిన తెర అంటే ఏంటో అప్పుడు అర్థమైంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే పాట మధ్యలో దాని నుంచి దీనికి మారడం. టైమ్ నాబ్ తిప్పగానే మోగుతున్న రిపీట్లు కీచుమంటూ పైకి లేచాయి, పక్క గదిలో ఆంటీ ఏమైందని అడిగారు.

డాలస్ అన్న ప్రశ్నకి జవాబు కూడా దొరికింది. మా పాటల పుస్తకం ముందు పెట్టుకుని టిక్కులు పెట్టాను. నేను వాయించే నలభై పాటల్లో రెండూ ఒకేసారి కావాల్సినవి మూడు. కోరస్ ఒక్కటే కావాల్సినవి అయిదు. మిగతావన్నీ డిలేనే, లేదంటే ఏమీ లేదు.

సోల్డర్‌పొగ:
అయితే నువ్వు కొనాల్సింది డిలే తమ్ముడూ, కోరస్ దానికి కొసరు. నానో తీసుకో, నా ఓటు కూడా దానికే, ఇంతసేపు పోట్లాడాక చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. ఆ అయిదు పాటలకి ముందు టైమ్ దించి పెట్టుకో, పాట మధ్యలో ముట్టుకోకు. మిగిలిన మూడింటికి కీబోర్డ్ అన్నని కోరస్ ఉన్న ప్యాడ్ (వెనక సాగే మెత్తని శబ్దం) పట్టమను.

హమ్‌బకర్_బాబాయ్:
మొదటి పోస్టులో నేనన్నది అదేగా!

డ్రాప్‌డి_డాలస్:
మీరు కళ్లు మూసుకుని అన్నారు బాబాయ్. మూడోతీగా, సెకండ్‌హ్యాండ్‌లో కొంటే అడాప్టర్ చూసుకో. పెద్ద డీలక్స్ మెమరీ మ్యాన్ కొత్త వెర్షన్‌కి 24 వోల్టుల అడాప్టర్ వస్తుంది, నానోకి 9. రెండూ ఒకే ఇంట్లో వాడినవాడు అమ్ముతుంటే ఏది దేనిదో రెండుసార్లు చదివి గానీ గుచ్చకు.

మూడోతీగ:
స్నేహితుడు తనదే ఇస్తానంటున్నాడు, అడాప్టర్ మీద 9 అనే ఉంది, ఫొటో తీసి చూసుకున్నాను. ఆదివారం రెండో ఆరాధనలో వాయించి చెప్తాను, మొదటి దాంట్లో పాస్టర్ గారు ముందు వరసలోనే కూర్చుంటారు.