కాన్పప్పుడు బీపీ వచ్చి పోయింది, ఇప్పుడు గుండె టెస్టులు ఎందుకు?

కావలి_కోడలు:
నాకు 33. మొదటి కాన్పులో ఎనిమిదో నెలకి బీపీ 160/110కి పోయింది. కాళ్లూ మొహం వాచి, మూత్రంలో ప్రోటీన్ కూడా పోతుంటే గుర్రపు వాతం (ఫిట్స్) వస్తుందేమోనని నెల్లూరు పంపించారు, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి పాపను తీశారు. తర్వాత బీపీ మామూలైపోయి మాత్రలు ఆపేశారు. మొన్న తలనొప్పి అని వేరే డాక్టరమ్మ దగ్గరికి పోతే 136/88 ఉంది, ఆమె వెంటనే "కాన్పప్పుడు బీపీ ఉండిందా" అని అడిగింది. ఉండింది అనగానే షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల కోసం క్రియాటినిన్ అన్నీ రాసి, గుండె జాగ్రత్త అంది. మా అత్త "కాన్పుతో వచ్చింది కాన్పుతో పోయింది, మళ్లా ఏంది" అంటోంది. నిజంగా సంబంధం ఉందా? ఇంకో బిడ్డ కావాలని కూడా ఉంది, అదో టెన్షన్.

పొదిలి_నర్సు:
మీ అత్తమ్మ మాట సగం నిజమే చెల్లెమ్మా. మాయ బయటికొచ్చాక కొన్ని వారాల్లో చాలామందికి బీపీ దిగిపోతుంది. కానీ ఆ జబ్బు రక్తనాళాల లోపలి పొర మీద దెబ్బ కొడుతుంది, అది మొత్తం మానుతుందన్న గ్యారంటీ లేదు. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ప్రీ ఎక్లాంప్సియా, అంటే మీకొచ్చినట్టు కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు, వచ్చినవాళ్లకి తర్వాత బీపీ వచ్చే అవకాశం దాదాపు 4 రెట్లు, గుండెజబ్బు, పక్షవాతం దాదాపు 2 రెట్లు అని తేలింది. నెలలు నిండకముందే వచ్చినవాళ్లకి ఇంకా ఎక్కువ. రెట్లు అనగానే హడలిపోవద్దు, మీ వయసులో అసలు ప్రమాదమే తక్కువ కాబట్టి రెట్టింపైనా చిన్నదే, కాకపోతే వయసుతో పాటు పెరుగుతుంది. మీ డాక్టరమ్మ ఆ ప్రశ్న అడిగిందంటే మంచి డాక్టర్ కింద లెక్క, నన్నడిగితే. మామూలుగా కాన్పు కాగితాలు బీరువా అడుక్కి పోతాయి, తర్వాత ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

చీమకుర్తి_బావ:
ఇదంతా టెస్టుల వ్యాపారం అండీ. మా అమ్మ ఆరుగుర్ని కన్నది, ఒక్క టెస్టూ లేదు.

పొదిలి_నర్సు:
30 దాటినవాళ్లకి బీపీ, షుగర్ విలేజ్ క్లినిక్‌లో ఊరికే చూస్తారు బాబూ, ఇందులో వ్యాపారం ఎక్కడుంది?

ఒంగోలు_పద్దు:
నాకు బీపీ కాదు, కడుపుతో ఉన్నప్పుడు షుగర్. కాన్పయిన ఆరు వారాలకి గ్లూకోజ్ నీళ్లు తాగించి మళ్లీ చూడాలన్నారు, పచ్చి బాలింతను ఎండలో ఏం తిప్పుతారని మా ఇంట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడు షుగర్ మాత్రలు వాడుతున్నా. ఇదీ గుండెకి సంబంధించిందేనట, అమెరికా హార్ట్ అసోసియేషన్ 2011లోనే కాన్పు బీపీ, కాన్పు షుగర్ రెండింటినీ ఆడవాళ్ల గుండెజబ్బు కారణాల్లో చేర్చింది. ఇంకోటి, మా పెద్దమ్మకి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ నొప్పి పెద్దగా లేదు, దవడ లాగడం, ఆయాసం, చెమటలు. గ్యాస్ అని సోడా తాగించి కూర్చోబెట్టారు, మగాళ్లకైతే వెంటనే ఆటో ఎక్కించేవాళ్లు.

కావలి_కోడలు:
థ్యాంక్స్ అక్కా. బతికినంత కాలం మాత్రలేనా మరి? రెండో కాన్పు సంగతేంటి?

పొదిలి_నర్సు:
ఒక్కసారి 136/88 వచ్చిందని మాత్రలు మొదలుపెట్టరు. బీపీ మిషన్ కొనుక్కో, మణికట్టుకి పెట్టేది వద్దు, దండకి కట్టేది. వారం రోజులు పొద్దున, సాయంత్రం అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూసి రాసుకుని ఆమెకే చూపించు. ఆ తర్వాత ఏడాదికోసారైనా చూపించుకుంటే చాలు, ఎక్కువుంటే ఆమే చెప్తుంది. ఆవకాయ, ఉప్పుచేప తగ్గించాలి, మన జిల్లాల్లో ఈ మాట ఎవరూ వినరనుకో.

రెండో కాన్పు కావాలంటే ముందే డాక్టర్‌కి చెప్పు. మొదటిసారి ఇలా అయినవాళ్లకి మూడో నెల దాటగానే, 16 వారాల లోపే, తక్కువ డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు, నీ అంతట నువ్వు వేసుకోకు. ఈలోపు బీపీకి మాత్ర రాస్తే మాత్రం బిడ్డ కోసం చూస్తున్నానని తప్పకుండా చెప్పు, మన దగ్గర ఎక్కువగా రాసే టెల్మిసార్టాన్ గర్భంలో పనికిరాదు.