కొట్టేస్తే ఒకటే అవుతున్నాయి, మరి వేర్వేరు ప్రమేయాలు ఎలా అయ్యాయి?

ప్రశ్న:
నాది కామర్స్. పోటీ పరీక్ష కోసం మళ్లీ లెక్కలు పట్టాను. ప్రమేయాల (ఫంక్షన్ల) చాప్టర్‌లో ఒక బిట్ దగ్గర బండి ఆగిపోయింది. ఎఫ్ అంటే (ఎక్స్ స్క్వేర్ మైనస్ 4) బై (ఎక్స్ మైనస్ 2), జి అంటే ఎక్స్ ప్లస్ 2. రెండూ సమానమా అని అడిగి, కీలో ‘కాదు’ అని ఇచ్చారు. పైదాన్ని విడగొట్టి, కింద ఉన్నదాంతో కొట్టేస్తే మిగిలేది ఎక్స్ ప్లస్ 2యే కదండీ! 3 వేస్తే రెండింట్లోనూ 5, 10 వేస్తే 12. కీ తప్పా?

జవాబు 1:
కీ కరెక్టే. 2 వేసి చూడండి.

అడిగినవారు:
వేశాను. ఎఫ్‌లో 0 బై 0, జిలో 4. ఒక్కచోట తేడా వస్తే మొత్తానికే వేరు అనేయాలా? చాదస్తంలా ఉంది.

జవాబు 2:
చాదస్తమే, కానీ పనికొచ్చే చాదస్తం. సూత్రాన్నే ప్రమేయం అనుకోవడంతో వస్తుంది చిక్కంతా. లోపలికి ఏ సంఖ్యలు వెళ్లొచ్చు (ప్రదేశం), ఫలితాలు ఏ సమితిలో పడాలి (సహప్రదేశం), ఏది దేనికి వెళ్తుంది: ఈ మూడూ కలిస్తేనే ప్రమేయం. సున్నాతో భాగించలేం కాబట్టి, మీరు కొట్టేసిన క్షణంలోనే ‘ఎక్స్ 2 కాదు’ అని ఒప్పుకున్నట్టు. ఆ షరతు కాగితం మీద మాయమైంది, అంతే. గ్రాఫ్ గీస్తే రెండూ ఒకే సరళరేఖ, కాకపోతే ఎఫ్ గీతకు (2, 4) దగ్గర చిల్లు ఉంటుంది.

నాకైతే దీని తిరగేసిన రూపం ఇంకా ఇష్టం. ప్రదేశంగా −1, 0, 1 మాత్రమే తీసుకోండి, సహప్రదేశం కూడా అదే. ఒక ప్రమేయం ఎక్స్, ఇంకోటి ఎక్స్ క్యూబ్. మూడూ వేసి చూడండి, అవే విలువలు వస్తాయి. సూత్రాలు రెండు, ప్రమేయం ఒక్కటే!

అడిగినవారు:
ఇది బాగుందండీ. అయితే ఎక్స్ స్క్వేర్ ఒకచోట అన్వేకం (వేర్వేరు సంఖ్యలకు వేర్వేరు ఫలితాలు ఇచ్చేది) కాదంటారు, ఇంకోచోట దానికి విలోమం (ఫలితం నుంచి వెనక్కి తెచ్చే ప్రమేయం) ఉందంటారు. ఇదీ ఆ బాపతేనా?

జవాబు 2:
అదే. ప్రదేశం వాస్తవ సంఖ్యలన్నీ అయితే 3, −3 రెండూ 9కే వెళ్తాయి. 9 నుంచి వెనక్కి రమ్మంటే ఎటు రావాలి? ప్రదేశాన్నీ సహప్రదేశాన్నీ సున్నా, ధన సంఖ్యల వరకే కుదించండి. అప్పుడది అన్వేకం, సంగ్రస్తం (సహప్రదేశంలో ఏ సంఖ్యా మిగిలిపోదు) కూడా. వర్గమూలం దానికి విలోమం అవుతుంది. ఈ కుదింపు మర్చిపోయి, వర్గం చేసి మూలం తీస్తే ఎక్స్ వస్తుందని రాసేస్తుంటారు. వచ్చేది ఎక్స్ మాడ్యులస్, అంటే మైనస్ గుర్తు ఉంటే తీసేసిన విలువ. −3 వేస్తే 3 వస్తుంది మరి.

జవాబు 3:
ప్రశ్నలో ప్రదేశం ఇవ్వకపోతే, సూత్రానికి అర్థం ఉన్న వాస్తవ సంఖ్యలన్నీ తీసుకోవడం ఆనవాయితీ. టెన్షన్ పడకండి, గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కూడా 1748లో ప్రమేయాన్ని ఒక గణిత సమాసంగానే, అంటే సూత్రంగానే నిర్వచించాడు. 1829లో డిరిక్లే అనే మరో గణిత శాస్త్రవేత్త, అకరణీయ సంఖ్యలకు (పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగేవాటికి) ఒక విలువ, కరణీయాలకు (అలా రాయలేనివాటికి) వేరే విలువ ఇచ్చే ప్రమేయాన్ని చూపించాడు. దాని గ్రాఫ్ గీయమంటే ఎవరి వల్లా కాదు.

అడిగినవారు:
చివరిగా ఒకటి. ముందు మూలం తీసి, తర్వాత వర్గం చేస్తే ఎక్స్ వస్తుంది కదా. అది, మామూలు ఎక్స్ ఒకటేనా?

జవాబు 2:
మొదటిదాంట్లో −1 వేయండి చూద్దాం.