కార్యక్రమాల్లో ప్రత్యక్ష వ్యాయామ వర్క్‌షాప్: నిర్వాహకులను ఒప్పించడం ఎలా?

ప్రశ్న: నెల్లూరు నుంచి ఒక ఫిట్‌నెస్ కోచ్

అందరికీ నమస్కారం. నెల్లూరు వేదాయపాళెంలో 7 సంవత్సరాలుగా చిన్న జిమ్ నడుపుతున్నాను. కళాశాలల వార్షికోత్సవాల్లోనూ, కంపెనీల ఫ్యామిలీ డే కార్యక్రమాల్లోనూ, అపార్ట్‌మెంట్ సంఘాల వేడుకల్లోనూ గంటసేపు అందరి చేత వ్యాయామం చేయించే వర్క్‌షాప్‌లు నిర్వహించాలని ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారు ఎలాగూ జిమ్‌కు వస్తారు. షుగరు, మోకాళ్ల నొప్పులు మొదలైనా జిమ్ గడప తొక్కడానికి మొహమాటపడే 40, 50 ఏళ్లవారిని చేరుకోవాలంటే, వాళ్లు నలుగురూ కూడిన చోటికి నేనే వెళ్లాలని నా ఉద్దేశం.

ఇంతవరకు 30 మందికి పైగా నిర్వాహకులకు వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ రాశాను. నా సర్టిఫికెట్లు, నా దగ్గర బరువు తగ్గినవారి అప్పటి, ఇప్పటి ఫొటోలు, నేను వ్యాయామం చేస్తున్న వీడియో, గంటకు నా రేటు, అన్నీ పంపాను. ఇద్దరు ‘చూద్దాం సార్’ అన్నారు, ఒకరు ఉచితంగా చేస్తారా అని అడిగారు, మిగిలినవారి నుంచి జవాబే లేదు. ఉచితంగా ఒప్పుకున్న ఆ ఒక్క కళాశాల కార్యక్రమంలో సాయంత్రం 4 గంటలకు ఇస్తామన్న వేదికను 5:20కి ఇచ్చారు. అప్పటికే సగానికి పైగా విద్యార్థులు వెళ్లిపోయారు. ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో స్క్వాట్ (గుంజీలాంటి వ్యాయామం) ఎలా చేయాలో చూపించాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చాక చాలా బాధపడ్డాను.

నిర్వాహకులు నిజంగా ఏమి చూసి పిలుస్తారు? ప్రతిపాదనలో ఏమి రాయాలి? ఉచితంగా మొదలుపెట్టడం సరైనదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఒంగోలు నుంచి ఒక ఈవెంట్ నిర్వాహకురాలు

నమస్కారమండీ. ఒంగోలు కేంద్రంగా 11 సంవత్సరాలుగా కంపెనీల, విద్యాసంస్థల కార్యక్రమాలు నిర్వహిస్తున్నాను. మీలాంటివారి నుంచి నెలకు నాలుగైదు ప్రతిపాదనలు వస్తుంటాయి కాబట్టి, అవి చేరినప్పుడు నా బల్ల మీద ఏముంటుందో ముందుగా చెబుతాను.

నా ముందు ఒక ప్రోగ్రాం షీటు ఉంటుంది. 9:30 జ్యోతి ప్రజ్వలన, 9:45 స్వాగతం, 10:00 ముఖ్య అతిథి ప్రసంగం, 11:00 బహుమతులు, 1:00 భోజనాలు. ముఖ్య అతిథి 10 గంటలకు రారని నాకూ తెలుసు, నన్ను పిలిచిన కంపెనీకీ తెలుసు. ఆయన వచ్చేలోగా 300 మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి ఉంచడమే ఆ రోజు నాకుండే అతి పెద్ద బెంగ. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ ‘ఈ మనిషిని ఈ షీటులో ఎక్కడ పెట్టగలను, పెడితే నాకు కొత్త చిక్కేమైనా వస్తుందా’ అనే చూస్తాను. మీ సర్టిఫికెట్లను గౌరవిస్తాను, కానీ ఆ ప్రశ్నకు అవి సమాధానం చెప్పవు.

కాబట్టి ఉత్తరం మొదటి నాలుగు వాక్యాల్లోనే, ఎంతమందితో చేయిస్తారో, ఎంత స్థలం కావాలో, ఎన్ని నిమిషాలో, మీ వెంట ఏమి తెచ్చుకుంటారో, మేమేమి సమకూర్చాలో రాయండి. ఆపైన, గంట కార్యక్రమాన్ని అప్పటికప్పుడు 40 నిమిషాలకు, అవసరమైతే 20 నిమిషాలకు కుదించగలనని రాయండి. ఆ ఒక్క వాక్యం ఉన్న ఉత్తరాన్ని నేను పక్కన పెట్టను. ఊరికే రాసి ఊరుకోకుండా మూడు నిడివులకూ మూడు వేర్వేరు వరుసలు సాధన చేసి ఉంచుకోండి. గంట కార్యక్రమాన్ని హడావుడిగా చేస్తే అది 20 నిమిషాల కార్యక్రమం అయిపోదు.

మీరు పంపే ఫొటోల విషయం కూడా చెప్పాలి. బరువు తగ్గినవారి ఫొటోలను ఒక కళాశాల ప్రిన్సిపాల్‌కో, కంపెనీ హెచ్‌ఆర్ అధికారికో నేను చూపించలేను. వాటికి బదులు 40 సెకన్ల వీడియో ఒకటి తీయించండి. అందులో కెమెరా మీ వైపు కాకుండా జనం వైపు ఉండాలి. చీర కట్టుకున్న ఒక ఆవిడ నవ్వుతూ చేతులు పైకెత్తడం కనిపిస్తే, మా కార్యక్రమంలోనూ ఇలాగే ఉంటుందని నిర్ణయం తీసుకునేవారికి అర్థమవుతుంది.

చీమకుర్తి దగ్గర గ్రానైట్ పనులు చేసే ఒక సంస్థ వార్షిక దినోత్సవంలో నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. మొదటి సంవత్సరం వచ్చిన కోచ్ వేదిక ఎక్కీ ఎక్కడంతోనే బర్పీలు (కిందికి వంగి, పుషప్ భంగిమలోకి వెళ్లి, లేచి ఎగిరే వ్యాయామం) మొదలుపెట్టారు. చీరల్లో ఉన్న మహిళలు వెనక్కి జరిగారు, ఇస్త్రీ ప్యాంట్లు వేసుకున్న ఆఫీసు సిబ్బంది సెల్‌ఫోన్లు తీశారు, చివరికి ముందు వరుసలోని 15 మంది కుర్రవాళ్లు మాత్రమే చేశారు. మరుసటి సంవత్సరం ఇంకొక కోచ్ వచ్చి, అందరి చేతా కుర్చీలోనే చేయించారు. కుర్చీలో కూర్చుని లేవడం, మడమలెత్తడం, భుజాలు తిప్పడం, బరువైన వస్తువును నేల మీద నుంచి నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తడం. ఆయన ముందురోజు సాయంత్రమే వచ్చి, షామియానా వారు దింపిన కుర్చీలను ఒక్కొక్కటిగా నొక్కి చూసి, కాళ్లు వెడల్పయ్యే ప్లాస్టిక్ కుర్చీలు 20 దాకా ఏరి పక్కన పెట్టించారు. ఆయన్ను ఆ సంస్థ తరువాత మూడుసార్లు పిలిచింది.

ఇక ఎప్పుడు రాయాలన్నది మన వాతావరణాన్ని బట్టి ఆలోచించుకోండి. మన రెండు జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో మైదానాలు నీళ్లలో ఉంటాయి. సెప్టెంబరు 29 ప్రపంచ హృదయ దినోత్సవానికి, నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినోత్సవానికి ప్రతిపాదన పంపేటప్పుడు హాలులో జరిపే కార్యక్రమంగానే రాయండి. రోహిణి కార్తె ఎండల్లో ఆరుబయట అసలు వద్దు. జూన్ 21 యోగా దినోత్సవానికి ప్రభుత్వ కార్యక్రమాలే ఎక్కువ కాబట్టి అప్పుడు మీ ఉత్తరం ఎవరి కంటికీ ఆనదు. ఎక్కువమంది కోచ్‌లు పట్టించుకోని రోజులు మార్చి 4 నుంచి జరిగే జాతీయ భద్రతా వారోత్సవాలు. కృష్ణపట్నం చుట్టుపక్కల విద్యుత్ కేంద్రాలు, నూనె శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి, చీమకుర్తిలో గ్రానైట్ ఉంది. బరువులెత్తే పనివారికి నడుము కాపాడుకునే పద్ధతి నేర్పిస్తానంటే, భద్రతా విభాగం అధికారికి అది తన కార్యక్రమంగానే కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు రాయండి.

మరొక మాట. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు అడుగుదామని చాలామంది అంటుంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, వ్యాధి నివారణ ఆరోగ్య కార్యక్రమాలు ఆ జాబితాలో ఉన్నాయి. అయితే సొంత ఉద్యోగులకు మాత్రమే చేసే కార్యక్రమం దాని కిందికి రాదు. ఆ నిధులు అడిగేటట్లయితే చుట్టుపక్కల గ్రామాల హైస్కూలు పిల్లలకో, మహిళా సంఘాలకో చేసే కార్యక్రమంగా ప్రతిపాదించండి.

ఉచితం గురించి: ఒకటి రెండుసార్లు చేయండి, తప్పులేదు. కానీ సమయం, మైకు, వీడియో తీసుకునే అనుమతి, కార్యక్రమం తరువాత సంస్థ లెటర్‌హెడ్ మీద అభిప్రాయ లేఖ, ఈ నాలుగూ ముందే రాయించుకోండి.

జవాబు: కావలి నుంచి ఒక డిగ్రీ కళాశాల పీడీ (ఫిజికల్ డైరెక్టర్)

కోచ్ గారూ, ఆ సాయంత్రం విద్యార్థులు మీ మీద గౌరవం లేక వెళ్లిపోలేదు. మా దగ్గర చదివే పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి ఆర్టీసీ బస్సుల్లో వస్తారు. సాయంత్రం బస్సు తప్పితే ఇంట్లో వాళ్లు కంగారుపడతారు, ఆడపిల్లల విషయంలో అయితే మేమే వాళ్లను ఆపం. నాలుగు తరువాత ఏ కళాశాలలోనైనా మీరు చూసేది అదే. అందుచేత ఉదయం 10 నుంచి 12 మధ్య సమయమే అడగండి, అది కుదరదంటే ఆ తేదీనే వదులుకోండి.

కళాశాలల్లో నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు. వాట్సాప్ సందేశాన్ని నేను చూసి మెచ్చుకున్నా, ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టడానికి నాకు కాగితం కావాలి. ప్రిన్సిపాల్ పేరిట ఒక్క పేజీ ఉత్తరం రాసి, దాన్ని పీడీకి గానీ, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం అధికారికి గానీ స్వయంగా ఇవ్వండి. సెమిస్టర్ పరీక్షల తేదీలు ముందే అడిగి తెలుసుకోండి. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవానికి మేము ఎలాగూ ఏదో ఒకటి చేయాలి, జూలై మొదటి వారంలో ఉత్తరం అందితే మాకే మేలు.

ఉచితం విషయంలో పై మేడం గారితో నేను ఏకీభవించలేను. ఉచితంగా వచ్చినవారి సమయాన్నే అందరికంటే ముందు కోస్తారు. నేను ఎన్నో వార్షికోత్సవాల్లో ఇది చూశాను. తక్కువైనా సరే, 2,000 రూపాయలైనా సరే, బిల్లు ఇచ్చి తీసుకోండి. బిల్లు మీద పాన్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఉండాలి. డబ్బు రావడానికి నెల పట్టవచ్చు, మొత్తం పెద్దదైతే టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా మినహాయించవచ్చు. విద్యార్థినుల చేత చేయించడానికి ఒక మహిళా సహాయకురాలు వస్తారని ఉత్తరంలో రాస్తే మా పని సగం తేలికవుతుంది.

జవాబు: నెల్లూరు నుంచి ఒక ఫిజియోథెరపిస్టు

నిర్వాహకులు బయటికి చెప్పని భయం ఒకటుంది: ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే ఏం చేయాలని. మీ ప్రతిపాదన రెండో పేజీలో ఆ భయానికే సమాధానం రాయండి.

మొదలుపెట్టే ముందు మైకులో అడగాల్సిన ప్రశ్నలు రాయండి: ఛాతీలో నొప్పి వస్తుంటుందా, బీపీ మందులు వాడుతున్నారా, ఈ మధ్య శస్త్రచికిత్స జరిగిందా, గర్భిణులు ఉన్నారా, మోకాలు, నడుము నొప్పి ఉందా. ‘ఉంది’ అన్నవారు చేతులెత్తాల్సిన అవసరం లేకుండా, వారు కూర్చునే చేసే తేలిక రూపాన్ని అందరికీ ఒకేసారి చూపించండి. నలుగురిలో తన జబ్బు చెప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. భోజనం అయిన వెంటనే వ్యాయామం చేయించే సమయాన్ని ఒప్పుకోవద్దు. పెద్ద వయసువారి మధ్య పుషప్‌ల పోటీ పెట్టవద్దు, పంతానికి పోయి చేసేవారే ఇబ్బందుల్లో పడతారు.

మీరు, మీ సహాయకురాలు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ పొంది ఉండాలి. పెద్దవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున ఛాతీని నొక్కాలి. ఇది బొమ్మ మీద సాధన చేస్తే తప్ప చేతికి రాదు. ఒకరు నొక్కడం మొదలుపెడితే మరొకరు 108కి ఫోన్ చేయాలని ముందే అనుకోండి. వాహనం వేదిక దాకా రావడానికి ఏ గేటు తెరిచి ఉంటుందో అడిగి రాసుకోండి. ఈ చివరి ప్రశ్న అడిగిన కోచ్‌ను నిర్వాహకులు తేలిగ్గా తీసుకోలేరు.

పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఒక్క గంటతో ఎవరి బరువూ తగ్గదు కాబట్టి అటువంటి హామీ ఇవ్వకండి. మరుసటి రోజు ఇంట్లో చేసుకోగలిగే నాలుగు వ్యాయామాలు నేర్పి పంపుతానని రాయండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. బస్సుల సంగతి నాకు తట్టనే లేదు. ఆ విద్యార్థుల గురించి ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నాను. రేటు విషయంలో పీడీ గారి మాట పాటిస్తాను, మేడం గారు చెప్పిన నాలుగు షరతులూ బిల్లుతో పాటు ఇస్తాను. భద్రతా వారోత్సవాల కోసం ఒక కర్మాగారానికి ఇలా మొదలుపెట్టాను, దయచేసి చూడండి:

‘అయ్యా, మార్చిలో జరిగే జాతీయ భద్రతా వారోత్సవాల్లో, బరువులెత్తే మీ సిబ్బందికి నడుము నొప్పి రాకుండా పనిచేసే పద్ధతిని 40 నిమిషాల్లో చేయించి నేర్పగలను. ఒకసారికి 120 మంది వరకు పాల్గొనవచ్చు. పని దుస్తులు, బూట్లతోనే చేయవచ్చు. నీడ ఉన్న స్థలం, గట్టి కుర్చీలు, తాగునీరు మీరు సమకూర్చాలి; తలకు తగిలించుకునే మైకు, స్పీకరు నేను తెచ్చుకుంటాను. సమయం తగ్గితే 20 నిమిషాల్లో పూర్తి చేయగలను. ప్రయాణ ఖర్చులతో కలిపి మొత్తం 6,000 రూపాయలు.’

జవాబు: ఒంగోలు నిర్వాహకురాలు

చాలా బాగుంది. రెండు మార్పులు చేయండి. కర్మాగారాల్లో షిఫ్టులుంటాయి కాబట్టి ‘120 మంది వరకు’ అన్న తరువాత ‘ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు ఒకసారి, రెండో షిఫ్టుకు ముందు మరొకసారి చేయగలను’ అని కలపండి, అప్పుడు ధర కూడా రెండుసార్లకు లెక్కగట్టి రాయండి. షిఫ్టు ముగిశాక పెడితే అలసిపోయి ఉంటారు, కంపెనీ బస్సు కూడా ఆగదు. ఇక సినిమా పాటలు పెట్టే ఉద్దేశం ఉంటే, వాణిజ్య సంస్థల కార్యక్రమాల్లో రికార్డు పాటలు వినిపించడానికి లైసెన్సు కావాలి, అది ఎవరు తీసుకోవాలో ముందే తేల్చుకోండి. ఈ కార్యక్రమానికైతే పాటలు లేకపోయినా ఫరవాలేదు, మీ గొంతూ లెక్కా చాలు.

ఉత్తరం భద్రతా అధికారి పేరిట, నకలు హెచ్‌ఆర్‌కు పంపండి. నాలుగు రోజుల తరువాత ఉదయం 11 గంటల ప్రాంతంలో ఒకసారి ఫోన్ చేసి, ముందురోజు వచ్చి స్థలం చూసుకోవడానికి గేటు పాస్ ఎవరిని అడగాలో తెలుసుకోండి.