గగారిన్ రాకెట్ కింద 20 నాజిళ్ళు, శాటర్న్ 5 కింద ఐదే. ఎందుకు?

ప్రశ్న:
గగారిన్ వెళ్ళిన వోస్తోక్ రాకెట్ అడుగు భాగం ఫోటో చూశాను. పెద్ద నాజిళ్ళే (మంట బయటికొచ్చే గరాటు లాంటి మూతులు) 20 ఉన్నాయి, పక్కన చిన్నవి ఇంకో 12. అంతకంటే ఎన్నో రెట్లు బరువున్న, అమెరికా వాళ్ళు చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన శాటర్న్ 5కి కింద ఐదే. రెండూ మండించేది కిరోసిన్, ద్రవ ఆక్సిజనే కదా. మనిషిని కూర్చోబెట్టి పంపేటప్పుడు ఇన్ని పెడితే రిస్క్ పెరగదా?

జవాబు:
నాజిళ్ళు 20 అయినా ఇంజిన్లు ఐదే అండి. మధ్యలో ఒక ఆర్‌డీ-108, చుట్టూ నాలుగు ఆర్‌డీ-107లు. ఒక్కో ఇంజిన్‌కు ఒకే టర్బోపంపు, అది నాలుగు దహన గదులకు ఇంధనం తోస్తుంది, ఒక్కో గదికి ఒక నాజిల్. గది పెద్దదయ్యే కొద్దీ లోపల మంట నిలకడగా ఉండదు, పీడనం సెకనుకు వందల సార్లు ఎగిసిపడి క్షణాల్లో ఇంజిన్‌నే చీల్చేస్తుంది. ఈ ఇంజిన్లు చేసిన సోవియట్ ఇంజినీర్ గ్లుష్కో బృందం ఆ గొడవలోకి దిగకుండా గదిని నాలుగుగా విడగొట్టింది. ఆ చిన్న 12 దిశ తిప్పడానికి. 1984లో రాకేశ్ శర్మ వెళ్ళిందీ ఈ కుటుంబం ఇంజిన్ల మీదే, రష్యా సోయుజ్ రాకెట్ ఇప్పటికీ వాటితోనే లేస్తోంది.

ఇంకో జవాబు:
పైన చెప్పింది కరెక్ట్. అమెరికా వాళ్ళు ఆ గొడవలోకి నేరుగా దిగారు. శాటర్న్ 5 కింద ఉన్న ఐదు ఎఫ్-1 ఇంజిన్లలో ఒక్కదాని తోపు (పైకి నెట్టే బలం) సుమారు 680 టన్నులు, అంటే వోస్తోక్ మొత్తం కలిపినా అంత రాదు. 1962 జూన్‌లో పరీక్ష మధ్యలో ఒక ఇంజిన్ ఇలాగే నాశనమైంది. దాన్ని లెక్కలతో తేల్చేంత సిద్ధాంతం అప్పటికి లేదు కాబట్టి, మండుతున్న గదిలోనే కావాలని చిన్న బాంబు పేల్చి, ఆ కుదుపు ఎంతసేపట్లో సద్దుమణుగుతుందో చూసేవాళ్ళు. గదిలోకి ఇంధనం, ఆక్సిజన్ చిమ్మే రంధ్రాల పలక, అంటే ఇంజెక్టర్ ప్లేటు మీద రాగి అడ్డుగోడలు పెట్టి, రంధ్రాల అమరిక మార్చి మార్చి, చివరికి సెకనులో పదో వంతు లోపే అణిగేలా చేశారు. ఇంజినీరింగ్‌లో ఇంత ఓపిక నేను ఇంకెక్కడా చూడలేదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. అంటే చిన్న ఇంజిన్లకు ఈ బెడద లేనట్టేనా?

జవాబు:
ఎందుకు లేదండీ! అపోలో వ్యోమగాములు ఇద్దర్ని చంద్రుడి మీద నుంచి పైకి లేపే ఇంజిన్ తోపు 1.6 టన్నులే. పంపు లేదు, నిప్పు అంటించే పరికరమూ లేదు, రెండు ద్రవాలు కలిస్తే చాలు అదే మండుతుంది. అది పనిచేయకపోతే ఇద్దరూ అక్కడే ఉండిపోవాలి, ఇంకో దారి లేదు. అయినా బెల్ కంపెనీ ఇంజెక్టర్‌తో బాంబు పరీక్షల్లో ఇదే అస్థిరత బయటపడింది, చివరికి రాకెట్‌డైన్ అనే ఇంకో కంపెనీ చేసిన ఇంజెక్టర్ బిగించి పంపారు. నా దృష్టిలో ఎఫ్-1 కంటే ఇదే గొప్ప ఇంజిన్.