ఖాళీ రోజు తర్వాత బేస్‌బాల్ జట్లు రన్ లైన్ దాటుతాయా? లెక్క ఎలా వేయాలి?

గణాంకాల_గంప (ప్రశ్న)
మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో విశ్రాంతికీ స్ప్రెడ్‌కీ (పందెంలో ఫేవరెట్, అంటే గెలుస్తుందనుకునే జట్టు, ఎంత తేడాతో గెలవాలో చెప్పే హద్దు; బేస్‌బాల్‌లో దీన్నే రన్ లైన్ అంటారు) సంబంధం ఉందేమో చూస్తున్నాను. రెట్రోషీట్ (పాత మ్యాచ్‌ల వివరాలు దొరికే సైట్) గేమ్ లాగ్‌ల్లోంచి తేదీలు తీసుకుని, ముందు రోజు మ్యాచ్ లేని జట్టును "విశ్రాంతి ఉన్న జట్టు"గా గుర్తు పెట్టాను. అది ఫేవరెట్‌గా దిగినప్పుడు మైనస్ 1.5 దాటిందా, అంటే కనీసం రెండు పరుగుల తేడాతో గెలిచిందా లేదా అన్నది లెక్క. సొంత మైదానంలో ఒకలా, బయట ఒకలా వస్తోంది. రెండు సీజన్లకు 400 మ్యాచ్‌ల దాకా దొరికాయి. ఇవి చాలా? ఇంకేం చూడాలి?

తొమ్మిదో_ఇన్నింగ్స్
సొంత మైదానం తేడా విశ్రాంతి వల్ల వచ్చింది కాదండీ, ఆట నియమంలోనే ఉంది. హోమ్ జట్టు తొమ్మిదో ఇన్నింగ్స్ పై సగం (బయటి జట్టు బ్యాటింగ్) అయ్యేసరికి 4–3తో ముందుంటే ఆట అక్కడితో సరి. గెలిచారు, కానీ ఒక్క పరుగే, మైనస్ 1.5 పోయింది. అదే బయటి జట్టు ఎనిమిది ఇన్నింగ్స్‌కు 4–3తో ముందుంటే మళ్లీ బ్యాటింగ్‌కి వస్తుంది, ఇంకో రెండు కొట్టొచ్చు. 3–3 మీద హోమ్ జట్టు చివరి ఇన్నింగ్స్‌లో సింగిల్ కొట్టి గెలిచినా తేడా ఒక్కటే. హోమ్ రన్ అయితేనే బేస్‌ల మీద ఉన్నవాళ్లందరి పరుగులూ కలుస్తాయి.

గేమ్ లాగ్‌లో 12వ గడి చూడండి, మ్యాచ్‌లో పడిన మొత్తం అవుట్ల సంఖ్య అది. మామూలుగా 51 ఉంటే హోమ్ జట్టు తొమ్మిదిలో ఆడలేదని అర్థం, 54 అయితే తొమ్మిదీ పూర్తిగా ఆడారు. హోమ్, బయట రెండూ వేరు చేయకుండా విశ్రాంతిని కొలిస్తే, మీకు కనిపించేది మైదానమే తప్ప విశ్రాంతి కాదు.

రేటు_లెక్కలు
దాటిన శాతం ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్ప్రెడ్ అంకే కదులుతుంది. ఇక్కడ 1.5 దాదాపు ఎప్పుడూ 1.5గానే ఉండి, రేటు (గెలిస్తే రూపాయికి తిరిగొచ్చే మొత్తం) కదులుతుంది. స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్, అంటే బంతి విసిరేవాడు) ఎవరు, ఎవరికి విశ్రాంతి దొరికింది, ఇవన్నీ చాలావరకు ఆ రేటులోకి ముందే ఎక్కేసి ఉంటాయి.

ఉదాహరణకు మైనస్ 1.5కి రేటు 2.40, ప్లస్ 1.5కి (ప్రత్యర్థి గెలిచినా, ఒక్క పరుగుతో ఓడినా నెగ్గే పందెం) 1.625 అనుకోండి. 1ని వీటితో భాగిస్తే 41.7, 61.5 శాతం. కూడితే 103.2, పైనున్న 3.2 బుకీ కమిషన్. 41.7ని 1.032తో భాగిస్తే 40.4. మీ జట్లు దాటిన శాతాన్ని పోల్చాల్సింది ఈ 40.4తో, 50తో కాదు. ప్రతి మ్యాచ్‌కీ ఇలా తీసి, సగటు తేడా చూడండి.

400 మ్యాచ్‌లు చాలవు. 40 శాతం దగ్గర ప్రామాణిక దోషం దాదాపు 2.5 శాతం, అంటే అటూ ఇటూ 5 శాతం వరకు ఊరికే ఊగుతుంది. దాన్ని 1 శాతానికి దించాలంటే 2,400 మ్యాచ్‌లు కావాలి.

ఇంకో మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఇక్కడున్నవాళ్లు దీన్ని గణాంకాల లెక్కగానే ఉంచండి.

బుల్‌పెన్_తాళం
నా దృష్టిలో అసలు లోపం "విశ్రాంతి" అన్న మీ నిర్వచనంలో ఉంది. క్యాలెండర్‌లో ఖాళీ జట్టుదే, కానీ అలసట పిచర్‌ది. ఐదుగురు స్టార్టర్ల వరసలో ఒక్కొక్కరికి మామూలుగానే నాలుగు రోజుల విరామం వస్తుంది. ఖాళీ రోజు పడితే అది ఐదవుతుంది, లేదా మేనేజర్ ఐదో స్టార్టర్ని దాటేసి మేటి పిచర్ని ముందుకు లాగుతాడు. అప్పుడు జట్టు బాగా ఆడితే అది విశ్రాంతా, మంచి పిచరా? స్టార్టర్ల వివరాలు 102 నుంచి 105 గడుల్లో ఉంటాయి, కలిపి చూడండి.

రిలీవర్లది (స్టార్టర్ తర్వాత దిగే పిచర్లది) ఇంకా ముఖ్యం. వరసగా రెండు రోజులు వేసినవాణ్ని మూడో రోజు దించడం అరుదు. రోస్టర్‌లో (జట్టు జాబితాలో) మామూలుగా 26 మంది, అందులో పిచర్లు 13కి మించకూడదు. కీలకమైన ముగ్గురు అందుబాటులో లేకపోతే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నాలుగో వాడో ఐదో వాడో బంతి పట్టుకుంటాడు. మూడు పరుగుల ఆధిక్యం ఒకటికి దిగేది అక్కడే. ప్రతి జట్టుకూ ముగ్గురు నలుగురు ముఖ్యమైన రిలీవర్లు గత మూడు రోజుల్లో వేసిన బంతులు కూడి ఒక గడి పెట్టండి. ఆ సంఖ్యలు గేమ్ లాగ్‌లో దొరకవు, బాక్స్ స్కోర్ల నుంచి తీయాలి.

ప్రత్యర్థినీ మరవకండి. ఖాళీలు ఎక్కువగా సోమ, గురువారాల్లో పడతాయి కాబట్టి చాలాసార్లు రెండు జట్లకీ ఒకేసారి విశ్రాంతి దొరుకుతుంది. మీకు కావాల్సింది ఇద్దరి మధ్య తేడా. ఆల్-స్టార్ విరామం (సీజన్ మధ్యలో లీగ్ మొత్తానికీ వచ్చే సెలవు) తర్వాతి మ్యాచ్‌లను పక్కన పెట్టేయండి. ప్రయాణం కూడా కలపాలి: 2017లో నార్త్‌వెస్టర్న్ పరిశోధకులు 20 సీజన్లు, 46 వేలకు పైగా మ్యాచ్‌లు చూసి, తూర్పు వైపు ప్రయాణం ఎక్కువ దెబ్బ తీస్తుందనీ, టైమ్ జోన్లు మారి జెట్ లాగ్‌తో ఉన్న పిచర్లు హోమ్ రన్‌లు ఎక్కువ ఇస్తారనీ తేల్చారు.

సోమవారం_సెలవు
కొరియా లీగ్‌లో సోమవారం మామూలుగా అందరికీ సెలవే, కాబట్టి మంగళవారం మ్యాచ్‌లో విశ్రాంతి తేడా సున్నా. అక్కడి డేటాను దీంతో కలపకండి.

విశ్రాంతి మరీ ఎక్కువైతే చెరుపు అనే వాదనకు అందరూ 2007 కొలరాడో రాకీస్ జట్టుని చూపిస్తారు: 22లో 21 గెలిచి, ఎనిమిది రోజులు ఆగి, వరల్డ్ సిరీస్‌లో రెడ్ సాక్స్ చేతిలో 4–0తో పోయారు. కానీ 2022 నుంచి 2025 దాకా ప్లేఆఫ్స్‌లో తొలి రౌండ్ బై దొరికిన (ఆ రౌండ్ ఆడకుండానే ముందుకెళ్లిన) 16 జట్లలో 9 తర్వాతి సిరీస్ గెలిచాయి. ఈ కొద్దిపాటి లెక్కతో ఎటూ చెప్పలేం.

గణాంకాల_గంప
అందరికీ ధన్యవాదాలు. వాన వల్ల ఆట రద్దయిన రోజును ఖాళీగా లెక్కించాలా?

బుల్‌పెన్_తాళం
రిలీవర్లకు అవును, స్టార్టర్‌కు కాదు. అతను వార్మప్ చేసి ఆగిపోయి ఉండొచ్చు. పైగా ఆ మ్యాచ్ తర్వాత డబుల్‌హెడర్‌గా (ఒకే రోజు రెండు మ్యాచ్‌లుగా) తిరిగొచ్చి బుల్‌పెన్‌ను (రిలీవర్లందరినీ) ఒకే రోజు పిండేస్తుంది. రెండో గడిలో 1, 2 అని ఉన్నవి డబుల్‌హెడర్లు. వాటికి విడిగా గుర్తు పెట్టి, ఆ తర్వాతి రెండు రోజుల మ్యాచ్‌లను వేరే వరసలో చూడండి.